బట్టీ ఎత్తులు గట్టెక్కించవు

"మాస్టారూ, మా గుంటడికి ముందల ఓపెనింగులు నేర్పీయండి. మిగతావి ఆడే నేర్సీసుకుంటాడు."

ఎచ్చెర్లలో ఆదివారాలు పిల్లలకు చదరంగం నేర్పే నాకు ఈ మాట వినని నెల లేదు. శ్రీకాకుళంలో టోర్నమెంటు హాలు బయటా ఇదే మాట, విశాఖ వెళ్ళే బస్సులోనూ ఇదే మాట. తల్లిదండ్రులే కాదు, నేర్పేవాళ్ళూ ఇదే అంటున్నారు. ఆటలో పైకి రావాలంటే ఓపెనింగ్ లైన్లు నోటికి రావాలట. ఇరవై ఎత్తుల దాకా కంఠస్థం చేసినవాడిదే గెలుపట. టాక్టిక్స్ ఆడుతూ ఆడుతూ అవే వస్తాయట, ఎండ్‌గేమ్ సంగతి పెద్దయ్యాక చూసుకోవచ్చట. ఈ అభిప్రాయం తప్పు. మా ప్రాంతపు పిల్లలకు రోజూ నష్టం చేస్తున్న తప్పు. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఖండించదలచాను.

ముందు ఆ వాదనను ఉన్నదున్నట్టు చెప్పాలి. దానికి నాలుగు కాళ్ళున్నాయి. ఒకటి: ప్రతి ఆటకీ ఓపెనింగ్ ఉంటుంది, ఎండ్‌గేమ్ అన్ని ఆటల్లోనూ రాదు, కాబట్టి తప్పకుండా వచ్చేదాన్నే ముందు చదవాలి. రెండు: పది ఎత్తులకే కుప్పకూలినవాడికి ఎండ్‌గేమ్ తెలిసి లాభమేమిటి? మూడు: పెద్ద ఆటగాళ్ళు గంటల తరబడి ఓపెనింగుల మీదే కూర్చుంటారు. గుకేశ్ ప్రపంచ టైటిల్ పోటీకి తయారైనప్పుడు మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ అతని సహాయక బృందంలో ఉన్నది ప్రధానంగా ఆ పనికే కదా? నాలుగు: ఇది కంప్యూటర్ల కాలం. ఏ స్థితిలో ఏది మంచి ఎత్తో ఇంజిన్ చెప్పేస్తోంది, దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇవి తెలివితక్కువ మాటలేమీ కావు. ప్రతి దాంట్లోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం మీద ఎంత పెద్ద అబద్ధాన్ని నిలబెట్టారో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఎప్పుడు ఓడామన్నది వేరు, ఎందుకు ఓడామన్నది వేరు

పదకొండేళ్ళ అబ్బాయి ఒకడు ఒక నోటుపుస్తకం నిండా లైన్లు రాసుకుని నా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు ఎక్కడో నేర్చుకున్నాడు. తెల్లపావులతో రాజు ముందు బంటు రెండు గళ్ళు, తర్వాత గుర్రం, తర్వాత శకటు సి4కి. అవతలివాడు రెండో గుర్రాన్ని బయటికి తీయగానే తన గుర్రాన్ని జీ5కి దూకించి, శకటుతో కలిసి ఎఫ్7 గడి మీద పడాలి. ఆ గడికి కాపలా రాజు ఒక్కడే కనుక దెబ్బ గట్టిగా తగులుతుంది. దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా ఆడుతున్న దాడి ఇది. అబ్బాయికి పది ఎత్తులూ కళ్ళు మూసుకుని చెప్పడం వచ్చు.

ఆ రోజు ఎదుట కూర్చున్న చిన్నపిల్ల గుర్రాన్ని తీయలేదు. భయపడి హెచ్ బంటును ఒక గడి జరిపింది. అబ్బాయి ఆగలేదు. చెయ్యి తనంతట తనే కదిలినట్టు గుర్రాన్ని తెచ్చి జీ5లో పెట్టాడు. ఆ గడిని కాయడానికే జరిపిన బంటు గుర్రాన్ని కొట్టేసింది. "అక్కడెందుకు పెట్టావు బాబూ?" అని అడిగితే, "లైన్లో అదే ఉంది మాస్టారూ" అన్నాడు.

వాడు నాలుగో ఎత్తులో గుర్రాన్ని పోగొట్టుకున్నాడు. ఇంటికి వెళ్ళాక వాళ్ళ నాన్న "ఓపెనింగ్‌లోనే పోయాడు, ఇంకా ఓపెనింగులు నేర్పాలి" అని తేల్చారు. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. గుర్రం పోయింది ఓపెనింగ్ దశలో, కానీ పోయిన కారణం ఓపెనింగ్ కాదు. పెట్టబోయే గడి మీద ఎవరి కన్నుందో చూసుకోకపోవడం. అది టాక్టిక్స్ తాలూకు మొదటి పాఠం. పరీక్ష మొదలైన పది నిమిషాలకు పిల్లవాడు కూడికలో తప్పు చేస్తే అది కూడికలో తప్పే అవుతుంది, మొదటి పది నిమిషాల తప్పు అనం కదా!

పిల్లల స్కోరు షీట్లు ముందేసుకుని కూర్చోండి. పదో ఎత్తుకు పోయిన ఆటా, ముప్ఫయ్యో ఎత్తుకు పోయిన ఆటా చాలావరకు ఒకే రకంగా పోతాయి. కాపలా లేని పావు, ఒకే గుర్రం రెండు పావుల మీద పడిన ఫోర్కు, రాజు ముందు కట్టుబడిపోయి కదల్లేని పావు, వెనక వరసలో ఏనుగు పెట్టిన మేట్. రెండో కాలు ఇక్కడే విరిగింది. పది ఎత్తులకే కుప్పకూలినవాడికి కావలసిన మందు టాక్టిక్స్. పదకొండో ఎత్తు దాకా సాగే ఇంకో లైను ఇస్తే జబ్బు ఒక ఎత్తు ముందుకు జరుగుతుంది, అంతే.

2. లెక్కే ఒప్పుకోదు

బట్టీ పట్టి గెలవచ్చనేవాళ్ళు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. తెల్లకు మొదటి ఎత్తు 20 రకాలుగా వేయవచ్చు, నల్లకు 20 రకాలు. చెరో ఎత్తు వేసేసరికే 400 దారులు. చెరి రెండు ఎత్తులకు 1,97,281. చెరి మూడు ఎత్తులకు 11 కోట్ల 90 లక్షలు దాటుతాయి. వీటిలో అధికభాగం పిచ్చి ఎత్తులే, నిజమే. కానీ పిల్లల టోర్నమెంట్లలో ఆడేది గ్రాండ్‌మాస్టర్లు కాదు. పుస్తకంలో లేని ఎత్తు అక్కడ రెండోదో మూడోదో వస్తుంది, ఆ నోటుపుస్తకం అబ్బాయికి ఎదురైన హెచ్ బంటులాగా.

పుస్తకం ఆగిపోయిన చోట ఆడేది ఏమిటి? సొంత బుర్ర. ఇరవై ఎత్తులు కంఠస్థం చేసినవాడికి నాలుగో ఎత్తులో దారి మారితే మిగతా పదహారు ఎత్తుల చదువు ఆ ఆటకు పనికిరాదు. ఆ సమయమంతా పావులు ఎలా కలిసి పనిచేస్తాయో నేర్చుకుని ఉంటే, ఎదుటివాడు ఏ దారి తొక్కినా అది పనికొచ్చేది.

3. జ్ఞాపకానికి పట్టు అర్థమే

"మరి జ్ఞాపకశక్తి అక్కర్లేదా?" అని అడుగుతారు. కావాలి. అది దేన్ని పట్టుకుని నిలుస్తుందన్నదే ప్రశ్న.

డచ్చి మనస్తత్వవేత్త డి గ్రూట్ 1940లలో ఈ విషయం మీద పనిచేశాడు. 1973లో అమెరికాలో ఛేజ్, సైమన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపించి దాచేస్తే, మాస్టరు చాలా పావుల్ని తిరిగి వాటి గళ్ళలో పెట్టగలిగాడు. కొత్తగా నేర్చుకున్నవాడు కొన్నిటినే పెట్టగలిగాడు. తర్వాత అవే పావుల్ని పొంతన లేకుండా చల్లి చూపించారు. మాస్టరు ఆధిక్యం దాదాపుగా మాయమైంది. అంటే మాస్టరు గుర్తుపెట్టుకుంటున్నది గళ్ళను కాదు, పావుల మధ్య సంబంధాన్ని. అర్థం ఉన్నంతసేపే ఆ జ్ఞాపకం పనిచేసింది.

తెలుగువాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. పాత అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. అవధాని ఒక పక్క పద్యాలు అల్లుతూ, నిషేధాక్షరి దాటుకుంటూ, ఇంకో పక్క ఆట ఆడేవాడు. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పేవాడు. ఆ ధారణ బట్టీ కాదు. ఛందస్సు, భావం, అన్వయం తెలిసిన మనసుకు పద్యం దానంతటదే నిలబడుతుంది. ఛందస్సు తెలియనివాడికి అదే పద్యం అక్షరాల గుంపు. అర్థం తెలియని ఓపెనింగ్ లైను కూడా అంతే.

ఓపెనింగ్ అర్థం అంటే ఏమిటో ఒక్కటి చూపిస్తాను. ఫ్రెంచ్ డిఫెన్స్ తీసుకోండి. మూడు ఎత్తులకు తెల్ల బంట్లు డి4, ఈ5ల్లో, నల్ల బంట్లు డి5, ఈ6ల్లో ఎదురెదురుగా బిగుసుకుంటాయి. తెల్ల బంట్ల గొలుసుకు వేరు డి4. నిమ్జోవిచ్ 1925 నాటి తన పుస్తకంలో చెప్పిన సూత్రం ఇదే: గొలుసును మొదలు దగ్గర కొట్టాలి. ఇది తెలిసిన పిల్లకు తర్వాతి ఎత్తులు ఎవరూ చెప్పక్కర్లేదు. సి బంటు రెండు గళ్ళు దూకి డి4 మీద పడుతుంది. గుర్రం సి6కి వస్తే చూసేది డి4నే. మంత్రి బి6కి వస్తే గురి డి4 మీదే. రెండో గుర్రం తిరిగి తిరిగి ఎఫ్5 చేరితే అదీ డి4 కోసమే. ఎన్నో ఎత్తులు, ఒకే ఆలోచన. అలాగే ఈ6 బంటు వెనక చిక్కుకున్న తన శకటు ఆటంతా బాధ పెడుతుందని కూడా ఆ పిల్లకు ముందే తెలుస్తుంది. ఓపెనింగ్ చదవడమంటే ఇది. నేను ఓపెనింగులకు శత్రువును కాను, అర్థం లేని వల్లెవేతకు శత్రువును.

4. మేడ మీది గదిని చూసి పునాది వద్దంటే ఎలా?

మూడో కాలు పెద్ద ఆటగాళ్ళ ఉదాహరణ. వాళ్ళు ఓపెనింగుల మీద గంటలు గడుపుతారన్నది నిజం. ఎందుకు గడుపుతారు? వాళ్ళ స్థాయిలో టాక్టిక్స్, ఎండ్‌గేమ్ ఇద్దరికీ సమానంగా తెలుసు. మిగిలిన చిన్న తేడా కోసం అక్కడ వెతుకుతారు. గ్రాండ్‌మాస్టరు ఆఖరున చేసే పనిని పిల్లవాడు మొదట చేయాలనడం నేల విడిచి సాము.

ఆ పెద్దల చరిత్ర కూడా ఈ వాదనకు సాక్ష్యం చెప్పదు. 2013లో చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. ఓపెనింగ్ సన్నాహంలో ఆనంద్‌ది పెద్ద పేరు. పోటీని తిప్పేసినవి అయిదో ఆట, ఆరో ఆట. రెండిట్లోనూ కార్ల్‌సన్ పెద్ద ఓపెనింగ్ ఆధిక్యం కోసం వెతకలేదు. ప్రశాంతంగా ఎండ్‌గేమ్ దాకా నడిపించి, ఏనుగుల ఆటలో ఇద్దరి మధ్య తేడా చూపించాడు. చివరికి 6.5-3.5తో టైటిల్ తీసుకెళ్ళాడు.

ఇంకా వెనక్కి వెళ్తే మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబు గ్రామం నుంచి 1929లో ఇంగ్లండు వెళ్ళాడు. దేశీ చదరంగంలో పెరిగినవాడు. మొదటి ఎత్తులో బంటు రెండు గళ్ళు వేయడం కూడా అతనికి కొత్త నియమమే. ఓపెనింగ్ పుస్తకాల చదువు లేదు. 1929, 1932, 1933ల్లో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకానే ఓడించాడు. అతని బలం మధ్య ఆట, ఎండ్‌గేమ్. అంతర్జాతీయ సమాఖ్య 2024లో, అతను పోయిన ఎన్నో దశాబ్దాలకు, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. బిడ్డ పుట్టినప్పుడు దాదాపు రెండేళ్ళు పెద్ద పోటీలకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. 2024లో న్యూయార్కులో మళ్ళీ గెలిచింది. ఆ రెండేళ్ళలో ఓపెనింగుల్లో ఎన్ని లైన్లు పాతబడి ఉంటాయో ఆలోచించండి. ఆమె వెంట నిలిచింది చిన్ననాడు తండ్రి అశోక్ దగ్గర పడిన పునాది. గడువు తీరిపోయే సరుకును నమ్ముకున్నవాళ్ళు అలా తిరిగి రాలేరు.

5. ఎండ్‌గేమ్ ఆఖరున వస్తుంది, కానీ మొదట నేర్వాలి

మొదటి కాలుకు వద్దాం. "పిల్లల ఆటలు ఎండ్‌గేమ్ దాకా రావు." ఎందుకు రావు? మధ్యలో పావులు పారేసుకుంటారు కాబట్టి. టాక్టిక్స్ కాస్త కుదరగానే వస్తాయి. వచ్చినప్పుడు చేతికొచ్చిన పంట నేలపాలవుతుంది. మంత్రి ఎక్కువున్న పిల్లవాడు ఎదుటి ఒంటరి రాజును మూలకు తోసి, చెక్ ఇవ్వకుండానే కదలడానికి గడి లేకుండా చేసి, స్టేల్‌మేట్‌తో అర పాయింటు వదులుకోవడం నేను ప్రతి టోర్నమెంటులో చూస్తున్నాను. వాడికి సిసిలియన్‌లో మూడు శాఖలు వచ్చు, మంత్రితో మేట్ చేయడం రాదు.

బల్ల మీద మూడే మూడు పావులు పెట్టండి. తెల్ల రాజు ఈ5లో, దాని వెనక తెల్ల బంటు ఈ4లో, ఎదురుగా నల్ల రాజు ఈ7లో. ఎవరిది గెలుపు? ఎత్తు ఎవరిదని అడగకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎత్తు నల్లదైతే దానికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రాజు ఏ పక్కకు తప్పుకున్నా తెల్ల రాజు రెండో పక్క నుంచి ముందుకు చొచ్చుకుపోయి, బంటును మంత్రిని చేస్తుంది. ఎత్తు తెల్లదైతే కథ మారిపోతుంది. తెల్ల రాజు పక్కకు అడుగేస్తే నల్ల రాజు మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆట డ్రా. ఒక్క పావు కూడా మారలేదు, మారింది వంతు మాత్రమే. దీన్నే ఆపోజిషన్ అంటారు. పదేళ్ళ పిల్లకు ఇది అర్థమైన క్షణంలో కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు నేను చూశాను. అంతవరకూ దాచుకునే వస్తువనుకున్న రాజు కూడా పోరాడే పావేనని ఆ రోజు తెలుస్తుంది.

ఇది తెలియకపోతే మధ్య ఆట కూడా రాదు. ఏ పావుల్ని మార్చుకోవాలో, ఏవి మార్చుకోకూడదో మార్పిడి అయ్యాక మిగిలేదాన్ని బట్టే కదా తేలేది! కాపాబ్లాంకా 1921లో రాసిన పాఠ్యపుస్తకాన్ని తేలిక మేట్లతోనూ బంటును మంత్రి చేయడంతోనూ మొదలుపెట్టింది ఇందుకే.

దీనికి ప్రపంచం చూసిన పెద్ద రుజువు 2024 డిసెంబరు 12న సింగపూరులో దొరికింది. ప్రపంచ టైటిల్ పోటీలో తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగిన దొమ్మరాజు గుకేశ్‌కూ అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌కూ 6.5-6.5తో సమానం. పద్నాలుగో ఆట. ఇద్దరికీ ఏనుగూ శకటూ, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. డ్రా అనే అందరూ అనుకుంటున్నారు. యాభై అయిదో ఎత్తులో లిరెన్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగుల్ని మార్చేశాడు, వెంటనే శకటును డి5లో పెట్టి శకటాల మార్పిడికీ బలవంతం చేశాడు. మిగిలింది రాజులు, బంట్లు. మా ఆదివారం పాఠం లాంటి ఎండ్‌గేమ్. యాభై ఎనిమిదో ఎత్తుకు లిరెన్ ఓటమి ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ళకే గుకేశ్ ప్రపంచ విజేత. నెలల తరబడి ఎంత పెద్ద బృందాలు ఎన్ని ఓపెనింగులు తవ్విపోసినా, కిరీటం చేతులు మారింది రాజూ బంట్ల ఆటలో.

6. ఇంజిన్ ఎత్తు చెబుతుంది, ఎందుకో చెప్పదు

నాలుగో కాలు కంప్యూటర్. ఇంజిన్ మనిషికన్నా ఎంతో బలమైనదే. కానీ అది ఎత్తు చూపిస్తుంది, పక్కన ఒక అంకె వేస్తుంది. అంతటితో సరి. టోర్నమెంటు బల్ల దగ్గరికి పిల్లవాడు ఆ అంకెను తీసుకెళ్ళలేడు. లెక్కల పుస్తకం చివర జవాబులు చూసి రాసుకున్నవాడికి లెక్కలు వచ్చాయని ఎవరంటారు?

గుకేశ్ గురువు విష్ణుప్రసన్న శిష్యుణ్ణి 2500 రేటింగు దాటేదాకా దాదాపుగా ఇంజిన్ జోలికి పోనివ్వలేదు. సొంతంగా లెక్కించడం అలవాటయ్యాకే యంత్రం చేతికిచ్చాడు. కంప్యూటర్ల కాలంలో ప్రపంచ విజేత అయిన కుర్రవాడే దాదాపు ఇంజిన్ లేకుండా పెరిగాడు. ఇక మూడో తరగతి పిల్లవాడికి ముందు ఇంజిన్ కావాలనే వాదనకు ఏం బలం మిగిలింది?

7. నష్టపోయేది ఎవరు?

వాదన తప్పని తేల్చి ఊరుకుంటే సరిపోదు, దాని బరువు ఎవరి మీద పడుతోందో కూడా చెప్పాలి. ఓపెనింగ్ కోర్సులకు అంతు లేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి, ఈ ఏడాదిది వచ్చే ఏడాదికి పాతది. వాటికి ఫీజు కావాలి, లాప్‌టాప్ కావాలి, ఎప్పటికప్పుడు కొత్తది చెప్పే మనిషి కావాలి. బుడగట్లపాలెంలో చేపల వేటకు వెళ్ళే ఇంటి పిల్లవాడికి ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? "ముందు ఓపెనింగులు" అనే మాట వాడికి "ఈ ఆట నీది కాదు" అని వినబడుతుంది. మంచి బుర్ర ఉన్న పిల్లలు ఆ ఒక్క మాటకే వెనక్కి తగ్గడం చూశాను.

మా ఎచ్చెర్లలోనే 2016లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి సర్కారు బళ్ళలో పదో తరగతి చదివిన పిల్లలు అక్కడ ఇంజనీర్లవుతున్నారు. పునాది పాఠం అందితే పల్లె పిల్లలు ఎక్కడిదాకా పోగలరో మా ఊళ్ళో ఎవరూ కొత్తగా నిరూపించనక్కర్లేదు. టాక్టిక్స్‌కూ ఎండ్‌గేమ్‌కూ కావలసింది ఒక బల్ల, ముప్ఫై రెండు పావులు, ఒక పాత పుస్తకం. ఈ చదువులో పేద, ధనిక తేడా అతి తక్కువ. సరిగ్గా దాన్నే పక్కకు నెట్టి, డబ్బుతో కొనేదాన్ని ముందుకు తెస్తున్నారు.

రెండో నష్టం మనసుకు. బట్టీ పట్టినవాడు ఓడితే "లైను మర్చిపోయాను" అంటాడు. ఆ మాటతో ఆలోచన ఆగిపోతుంది. అర్థం చేసుకుని ఆడినవాడు ఓడితే "ఆ గడి చూసుకోలేదు" అంటాడు. ఆ మాటతో ఆలోచన మొదలవుతుంది. బడిలో ఎలాగూ వల్లెవేత తప్పడం లేదు. పిల్లలు సొంతంగా ఆలోచించడానికి మిగిలిన ఒక్క గంటను కూడా వల్లెవేతకే అప్పగించడం అన్యాయం.

8. అయితే చేయవలసిందేమిటి?

రోజుకు గంట దొరికితే అరగంట టాక్టిక్స్: ఫోర్కు, పిన్, వెనక వరస మేట్. కదపకుండా బుర్రలోనే లెక్కించి జవాబు చెప్పాలి. పావుగంట ఎండ్‌గేమ్: ముందు మంత్రితో, ఏనుగుతో మేట్. తర్వాత రాజూ బంటూ, ఆపోజిషన్. ఆ తర్వాత ఏనుగూ బంటూ ఉన్నప్పటి లూసెనా, ఫిలిడోర్ స్థితులు. మిగతా పావుగంట సొంతంగా ఆడిన ఆటను, ముఖ్యంగా ఓడిన ఆటను, మళ్ళీ బల్ల మీద పరచి చూడడం. ఓపెనింగ్‌కు వారానికి ఒక్క గంట చాలు. తెల్లకు ఒకటి, నల్లకు రెండు. ప్రతి ఎత్తుకూ "ఎందుకు?" అన్న ప్రశ్నకు పిల్లవాడు తన మాటల్లో జవాబు చెప్పగలిగినంతవరకే ముందుకు పోవాలి. జవాబు ఆగిన ఎత్తు దగ్గరే ఆ రోజు పాఠం ఆగాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లవాడికి ఎన్ని ఓపెనింగులు వచ్చని నేర్పేవాళ్ళను అడగకండి. ఈ ఆదివారం రాత్రి బల్ల మీద రెండు రాజుల్నీ ఒక బంటునూ పైన చెప్పినట్టు పెట్టి, "ఎత్తు నీదైతే ఏమవుతుంది, నాదైతే ఏమవుతుంది?" అని మీ పిల్లవాణ్ణే అడగండి. జవాబు చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగితే మీ డబ్బు, వాడి కాలం సరైన చోటే ఖర్చవుతున్నాయి. చెప్పలేకపోతే ఆ లైన్ల నోటుపుస్తకం మూసేసి, ఆ మూడు పావులతో మొదలుపెట్టండి.